కొత్త టీవీ కొనే ముందు ఇంట్లో ఉన్నదాని సెట్టింగ్స్ ఒకసారి చూడండి



పండగ ఆఫర్లు మొదలవగానే చాలా ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంది. "టీవీలో బొమ్మ మునుపటిలా లేదు, మార్చేద్దాం." 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గడంతో ఆ మాటకు ఇంకాస్త బలం వచ్చింది. కొనడం, కొనకపోవడం మీ ఇష్టం. ముప్పై నలభై వేలు ఖర్చు పెట్టే ముందు మాత్రం ఒక ఆదివారం సాయంత్రం గంటసేపు కేటాయించి, ఇంట్లో ఉన్న టీవీని సరిగ్గా వాడుతున్నామా లేదా చూసుకోండి.

ఎందుకంటే ఇప్పటి టీవీ మన చిన్నప్పటి టీవీ లాంటిది కాదు. లోపల ప్రాసెసర్ ఉంది, మెమరీ ఉంది, ఫోన్‌లో ఉన్నట్టే ఆపరేటింగ్ సిస్టం ఉంది. బొమ్మ ఎలా కనిపించాలో తెర ఒక్కటే నిర్ణయించదు. సెట్టింగ్స్ సగం నిర్ణయిస్తాయి. ఆ సెట్టింగ్స్‌ను మనకు చెప్పకుండా మార్చగలిగేది సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. ఈ నెల పాఠం ఈ రెండింటి గురించే. 6 నుంచి 10వ తరగతి చదివే పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి, లెక్కలు వాళ్ల చేత చేయించవచ్చు. రిమోట్ ఎలాగూ వాళ్ల చేతిలోనే ఉంటుంది. మెనూలో పేర్లు ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి ఇక్కడ కూడా ఆ పేర్లనే తెలుగు అక్షరాల్లో రాస్తున్నాం.

చుక్కల లెక్క

తెర మీద బొమ్మంతా చిన్న చిన్న చుక్కలే. వాటినే పిక్సెల్స్ అంటాం. 4కే టీవీలో అడ్డంగా 3840, నిలువుగా 2160 ఉంటాయి. గుణిస్తే 82,94,400. ఫుల్ హెచ్‌డీలో 1920 × 1080, అంటే 20,73,600. సరిగ్గా నాలుగో వంతు. ఇప్పుడు కేబుల్‌లోనో డిష్‌లోనో వచ్చే మామూలు ఎస్‌డీ ఛానల్ తీసుకోండి. నిండుగా లెక్కేసినా 720 × 576, అంటే 4,14,720 చుక్కలు. 82,94,400ని 4,14,720తో భాగించమని మీ అమ్మాయికి చెప్పండి. శేషం లేకుండా 20 వస్తుంది.

ఆ 20కి అర్థం ఏమిటంటే, మీ 4కే టీవీ తెర మీద ప్రతి ఇరవై చుక్కల్లో ఛానల్ పంపించినది ఒక్కటే. మిగతా పంతొమ్మిదీ టీవీ లోపలి ప్రాసెసర్ పక్క చుక్కల్ని చూసి ఊహించి నింపినవి. అందుకే "55 అంగుళాల 4కే తెచ్చాం, సీరియల్ మాత్రం పాత టీవీలోనే బాగుండేది" అనే అత్తగారి మాటను తీసిపారేయకండి. ఆవిడ చెప్పింది నిజమే. పాత టీవీలో ఊహించి నింపాల్సిన చుక్కలు తక్కువ.

దీనికి మందు కొత్త టీవీ కాదు. మొదట సెట్‌టాప్ బాక్స్ వెనక్కి వెళ్లి చూడండి. ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల వైరు ఉంటే, ఆ పసుపు పిన్ను గుండా హెచ్‌డీ బొమ్మ రానే రాదు. మీరు హెచ్‌డీ ప్యాక్‌కు డబ్బు కడుతున్నా చూసేది ఎస్‌డీయే. హెచ్‌డీ బాక్స్ అయితే హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టించండి, బాక్స్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ 1080 ఉందో లేదో చూడండి. ఖర్చు కేబుల్ ధరే.

ఓటీటీ సంగతి వేరు. అక్కడ ఇంటర్నెట్ వేగాన్ని బట్టి బొమ్మ తనంతట తానే తగ్గిపోతుంది. నెట్‌ఫ్లిక్స్ తన వీక్షకులకు ఫుల్ హెచ్‌డీకి సెకనుకు 5 ఎంబీపీఎస్, 4కేకి 15 ఎంబీపీఎస్ ఉండాలని చెబుతుంది. ఇంటికి 100 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉన్నా రూటర్ హాల్లో, టీవీ బెడ్‌రూంలో, మధ్యలో రెండు గోడలు ఉంటే టీవీ దాకా చేరేది ఎంతో ఎవరికి తెలుసు? వీలైతే రూటర్ నుంచి టీవీకి ల్యాన్ వైరు లాగండి. ప్లాన్ కూడా చూసుకోండి. నెట్‌ఫ్లిక్స్‌లో 4కే ప్రీమియం ప్లాన్‌లోనే వస్తుంది. ఇంకా కింది ప్లాన్‌లో ఉండి తెరను తిట్టుకోవడం న్యాయం కాదు.

ఇంకో లెక్క, ఇది పదో తరగతి పిల్లలకు. 43 అంగుళాలంటే తెర కర్ణం పొడవు. వెడల్పు, ఎత్తు 16:9 నిష్పత్తిలో ఉంటాయి. పైథాగరస్ సిద్ధాంతంతో వెడల్పు కనుక్కోమనండి. సుమారు 37.5 అంగుళాలు, అంటే 95 సెంటీమీటర్లు వస్తుంది. దాన్ని 1920తో భాగిస్తే ఫుల్ హెచ్‌డీ తెర మీద ఒక్కో చుక్క సుమారు అర మిల్లీమీటరు. మామూలు చూపున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం కంటే చిన్నదాన్ని విడిగా గుర్తించలేదు. అర మిల్లీమీటరు చుక్క ఆ కోణానికి చేరేది సుమారు 1.7 మీటర్ల దూరంలో, అంటే ఐదున్నర అడుగుల దగ్గర. మీ సోఫా ఎనిమిది అడుగుల దూరంలో ఉంటే 43 అంగుళాల్లో ఫుల్ హెచ్‌డీకీ 4కేకీ చుక్కల్లో తేడా కన్ను పట్టలేదు. షోరూంలో తేడా బాగా కనిపించిందంటారా? అక్కడ మీరు రెండడుగుల దూరంలో నిలబడ్డారు.

షోరూం వెలుగు ఇంటికొచ్చింది

షోరూంలో ట్యూబులైట్ల వెలుగు కింద పాతిక టీవీలు వరసగా వెలుగుతుంటాయి. వాటిలో మన కన్ను దేని మీద పడుతుంది? ఎక్కువ కాంతి ఉన్నదాని మీద, కాస్త నీలం కలిసిన తెలుపు ఉన్నదాని మీద. అందుకే కంపెనీలు 'వివిడ్' అనో 'డైనమిక్' అనో ఒక మోడ్ తయారుచేస్తాయి. అందులో వరిచేను చిలకపచ్చగా మెరుస్తుంది, యాంకరమ్మ ముఖం నారింజ రంగులోకి పోతుంది. షోరూంలో బాగానే ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి మీ హాల్లో అదే వెలుగు కళ్లలో పొడుస్తుంది.

మొదటిసారి టీవీ ఆన్ చేసినప్పుడు 'హోం' వాడకమా, 'స్టోర్' వాడకమా అని అడుగుతుంది. బిగించడానికి వచ్చిన అబ్బాయి తొందరలో 'స్టోర్' నొక్కి వెళ్లిపోతే, మీరు ఎన్నిసార్లు సరిచేసినా కొన్ని నిమిషాలకు బొమ్మ మళ్లీ మొదటికే వస్తుంది. "ఈ టీవీలో సెట్టింగ్ నిలవదు" అని ఎవరైనా అంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. సెట్టింగ్స్‌లో 'యూసేజ్ మోడ్' లాంటి పేరుతో ఉంటుంది.

మా సలహా ఒక్కటే. పిక్చర్ మోడ్‌ను 'సినిమా', 'మూవీ' లేదా 'ఫిల్మ్‌మేకర్ మోడ్'కు మార్చండి. ఈ చివరిది 2019లో యూహెచ్‌డీ అలయన్స్ అనే కంపెనీల కూటమి సినిమా దర్శకులతో కలిసి తెచ్చింది. దర్శకుడు ఎడిటింగ్ గదిలో చూసిన బొమ్మకు దగ్గరగా చూపించడం దాని పని. మార్చగానే ఇంట్లో అందరూ "పసుపుగా ఉంది, డల్‌గా ఉంది" అంటారు. అనక మానరు. సినిమాలకూ టీవీ కార్యక్రమాలకూ తెలుపు రంగు ప్రమాణం 6500 కెల్విన్. షోరూం మోడ్‌లో తెలుపు అంతకంటే నీలంగా ఉంటుంది కాబట్టి దానికి అలవాటు పడిన కన్నుకు అసలు తెలుపు పసుపుగా తోస్తుంది. మూడు రోజులు ఓపిక పట్టండి. నాలుగో రోజు పాత మోడ్ పెట్టి చూడండి, ముఖాలు జబ్బుపడ్డట్టు కనిపిస్తాయి.

ఇక్కడ రెండు చిక్కులు. ఒకటి, బ్యాక్‌లైట్‌కూ బ్రైట్‌నెస్‌కూ తేడా. చాలా టీవీల్లో తెర వెనక కాంతిని తగ్గించేది బ్యాక్‌లైట్. బ్రైట్‌నెస్ అనే మీట నలుపు ఎంత నల్లగా ఉండాలో నిర్ణయిస్తుంది. కొన్ని కంపెనీలు ఈ పేర్లను తారుమారుగా వాడతాయి కాబట్టి పేరును నమ్మకండి. మీట కదిపి ఏం మారుతోందో చూడండి. ఎవరైనా జుట్టు విరబోసుకున్న సీను దగ్గర బొమ్మ ఆపండి. వెంట్రుకలు పాయలుగా కనిపించాలి. అంతా ఒక నల్ల ముద్దగా ఉంటే నలుపు మరీ కిందికి పోయింది, బూడిదరంగులో ఉంటే మరీ పైకి వచ్చింది.

రెండోది, ఒక చోట మార్చిన సెట్టింగ్ అన్ని చోట్లా పనిచేయకపోవచ్చు. యూట్యూబ్‌లో మార్చింది సెట్‌టాప్ బాక్స్ ఉన్న హెచ్‌డీఎంఐ-1కు వర్తించదు. హెచ్‌డీఆర్ వీడియోకు మళ్లీ వేరే. 'అప్లయ్ టు ఆల్ ఇన్‌పుట్స్' అని ఉంటే అది నొక్కండి, లేకపోతే ఒక్కోదానికీ విడిగా చేసుకోవాలి.

హెచ్‌డీఆర్ అన్నాం కాబట్టి ఒక మాట. అట్టపెట్టె మీద హెచ్‌డీఆర్ ముద్ర ఉన్న ప్రతి టీవీ హెచ్‌డీఆర్ చూపించలేదు. కాంతిని నిట్స్‌లో కొలుస్తారు. మామూలు వీడియోను 100 నిట్ల లెక్కన తయారుచేస్తారు. హెచ్‌డీఆర్ వీడియోను సాధారణంగా 1000 నిట్లు, కొన్నిసార్లు 4000 నిట్ల లెక్కన చేస్తారు. చవక టీవీలు చాలావరకు 300 నిట్ల దగ్గరే ఆగిపోతాయి. సిగ్నల్ తీసుకుంటాయి, చూపించే సత్తా ఉండదు. ఫలితం, కొత్త సినిమా రాత్రి సీన్లలో ఏమీ కనిపించదు. మెకానిక్‌ను పిలిచే ముందు పవర్ సేవింగ్, లైట్ సెన్సర్ ఆఫ్ చేసి చూడండి. తెర తనంతట తాను మసకబారడం, మళ్లీ వెలగడం కూడా చాలాసార్లు ఈ రెండింటి పనే.

సినిమా సీరియల్‌లా ఎందుకు కనిపిస్తుంది

సినిమాలో సెకనుకు 24 బొమ్మలు. మామూలు టీవీ తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. 60ని 24తో భాగిస్తే 2.5. అర బొమ్మ చూపించడం కుదరదు కాబట్టి టీవీ ఒక బొమ్మను మూడుసార్లు, తర్వాతిదాన్ని రెండుసార్లు, ఇలా మార్చి మార్చి చూపిస్తుంది. కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగినప్పుడు కనిపించే చిన్న కుదుపు దానిదే. 120 సార్లు మారే తెరలో ఒక్కో బొమ్మ సరిగ్గా ఐదుసార్లు పడుతుంది, కాబట్టి ఆ లెక్క తేడా ఉండదు.

కుదుపు పోగొట్టడానికి కంపెనీలు రెండు బొమ్మల మధ్య లేని బొమ్మల్ని పుట్టించే పద్ధతి పెట్టాయి. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శామ్‌సంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ, ఇంకా చాలావాటిలో ఎంఈఎంసీ. క్రికెట్‌కు ఇది కొందరికి నచ్చుతుంది, తప్పు లేదు. సినిమాకు మాత్రం కోట్లు పోసి తీసిన దృశ్యం కాస్తా మధ్యాహ్నం సీరియల్‌లా తయారవుతుంది. 2018 డిసెంబర్‌లో నటుడు టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్‌క్వారీ కలిసి దీన్ని ఆఫ్ చేసుకోమని వీక్షకులను అడుగుతూ వీడియో పెట్టారు. మోడ్ మార్చాక ఈ ఒక్కటి కూడా ఆఫ్ చేస్తే సగం పని అయినట్టే.

పాఠం చూసే పిల్లల కోసం

2020 సెప్టెంబర్‌లో తెలంగాణలో పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్ల మీదుగా ఇళ్లకు వచ్చాయి. అప్పటి నుంచి చాలా ఇళ్లలో టీవీ నల్లబల్లగా కూడా మారింది. రివిజన్ వీడియోలు ఫోన్‌లో కంటే టీవీలో చూడటమే నయమని మేమూ చెబుతుంటాం. అయితే సినిమాకు చాలే బొమ్మ అక్షరాలకు చాలకపోవచ్చు.

షార్ప్‌నెస్ పెంచితే అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయని అందరూ అనుకుంటారు. అది అక్షరం అంచు చుట్టూ ఒక తెల్ల గీత గీస్తుంది, అంతే. పిల్లలు గంటసేపు చదవాల్సిన 'త', 'ఠ', 'ధ', 'థ' లాంటి అక్షరాల్లో ఆ గీత లోపలి చుక్కనూ ఒత్తునూ మింగేస్తుంది. లెక్కల వీడియోలో వర్గం గుర్తుగా పైన రాసే చిన్న 2 దగ్గరా ఇదే తంతు. తెల్ల బోర్డు మీద నల్ల అక్షరాలున్న వీడియో ఆపి, అంచు చుట్టూ నీడ పోయేదాకా షార్ప్‌నెస్ తగ్గించండి.

ల్యాప్‌టాప్ కలిపినప్పుడు నాలుగు వైపులా అంచులు తెగిపోతుంటే పిక్చర్ సైజ్‌లో 'ఫిట్ టు స్క్రీన్' లేదా 'జస్ట్ స్కాన్' పెట్టండి. ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరును 'పీసీ' అని మారిస్తే చాలా టీవీల్లో రంగు అక్షరాలు, మ్యాపుల్లోని సన్న గీతలు తేటగా వస్తాయి. పాత ఛానల్ చూస్తున్నప్పుడు మనుషులంతా లావుగా కనిపిస్తే సైజ్‌ను 4:3కి మార్చండి. పక్కన నల్ల పట్టీలు వస్తాయి. "తెర వేస్టవుతోంది" అని తాతగారు అంటారు. అననివ్వండి.

అప్‌డేట్ వచ్చిన మర్నాడు

ఇక అసలు సంగతి. రాత్రి బాగానే ఉన్న టీవీ పొద్దున్నకి వేరేలా ఉంటే, మధ్యలో అప్‌డేట్ వచ్చిందేమో చూడాలి. టీవీ అప్‌డేట్‌లో ఒకటే ఉండదు. భద్రతా లోపాలకు అతుకులు ఉంటాయి, యాప్‌లు నడవడానికి కావలసిన మార్పులు ఉంటాయి, బొమ్మను తయారుచేసే ప్రోగ్రాంలో మార్పులు ఉంటాయి, ఒక్కోసారి హోం స్క్రీన్ మీద కొత్త ప్రకటనల వరస కూడా ఉంటుంది. ఈ క్రమంలో కొన్నిసార్లు పిక్చర్ మోడ్ ఫ్యాక్టరీ లెక్కకు తిరిగి వెళుతుంది, ఆఫ్ చేసిన మోషన్ మళ్లీ ఆన్ అవుతుంది. తెరకు ఏమీ కాలేదు. మీరు పెట్టుకున్నది చెరిగిపోయింది, అంతే.

అందుకని ఆదివారం సెట్టింగ్స్ అన్నీ సరిచేసుకున్నాక, ఒక్కో పేజీని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబరు కనిపించే 'అబౌట్' పేజీని కూడా తీయండి. బొమ్మ మారినట్టు అనిపించిన రోజు ఫొటోలతో పోల్చితే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. ఈ పని పిల్లలకు అప్పగించండి. ఫొటోకు తేదీ, వెర్షన్ నంబరు రాసిపెట్టమనండి. సైన్స్ రికార్డులో రాసే పరిశీలనకూ దీనికీ తేడా ఏమీ లేదు.

పోల్చి చూశాక కూడా బాగుపడకపోతే టీవీని గోడ స్విచ్ దగ్గర ఆఫ్ చేసి కొన్ని నిమిషాలు ఆగి ఆన్ చేయండి. రిమోట్‌తో ఆపితే టీవీ నిద్రపోతుందే తప్ప పూర్తిగా ఆగదు. ఆ తర్వాత 'పిక్చర్ రీసెట్'. 'ఫ్యాక్టరీ రీసెట్' జోలికి చివర్లోనే వెళ్లండి, ఎందుకంటే అందులో మీ అకౌంట్లు, వైఫై పాస్‌వర్డ్‌తో పాటు పిల్లల కోసం పెట్టిన లాక్ పిన్ కూడా పోతుంది. మళ్లీ పెట్టడం మర్చిపోతే తలుపు తెరిచి ఉంచినట్టే.

అయితే అప్‌డేట్లు ఆపేస్తే పోలా అంటారా? ఆపాలనిపించే సంఘటనలు లేకపోలేదు. 2017 ఆగస్టులో బ్రిటన్‌లో శామ్‌సంగ్ ఎంయూ సిరీస్ కొత్త టీవీలు కొన్ని ఒక అప్‌డేట్ తర్వాత పనిచేయడం మానేశాయి. వేలకు వేలు పోసి కొన్నవాళ్లు నల్ల తెర ముందు కూర్చున్నారు. అయినా మా అభిప్రాయం ఆటో అప్‌డేట్ ఆన్‌లోనే ఉండాలని. మీ టీవీ ఉన్న వైఫై మీదే మీ బ్యాంకు యాప్ ఉన్న ఫోనూ, పిల్లల ల్యాప్‌టాపూ ఉన్నాయి. అతుకు వేయని కిటికీ ఒక్కటి చాలు. ఇంటర్నెట్ అసలు అక్కర్లేని, డిష్ మాత్రమే చూసే ఇంట్లో అయితే టీవీని వైఫైకి కలపకుండా ఉంచడమే అన్నిటికంటే సుఖం.

అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోకూడదు. ఎండాకాలం కోతల రోజుల్లో టీవీ ఇన్వర్టర్ మీద ఉందో లేదో చూసుకుని 'అప్‌డేట్ నౌ' నొక్కండి. పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేయాల్సి వస్తే కంపెనీ సొంత వెబ్‌సైట్ నుంచి, మీ మోడల్ నంబరు అక్షరం పొల్లు పోకుండా సరిపోయే ఫైలునే దించుకోండి. ఇంకొకటి, అప్‌డేట్‌కు డబ్బు కట్టాలని ఫోన్ చేసేవాడు మోసగాడే. టీవీ కంపెనీలు అప్‌డేట్‌కు రుసుం తీసుకోవు.

'యాక్సెప్ట్ ఆల్' నొక్కింది ఎవరు?

పెద్ద అప్‌డేట్ తర్వాత టీవీ కొత్త షరతుల పేజీ చూపిస్తుంది. ఆ సమయంలో టీవీ ముందు ఉండేది ఎవరు? కార్టూన్ కోసం ఎదురుచూస్తున్న మీ రెండో తరగతి అబ్బాయి. వాడికి కనిపించేది ఒక్కటే, అన్నిటికంటే పెద్ద బటన్. నొక్కేస్తాడు. ఇంటి తరఫున ఒప్పందం మీద సంతకం పెట్టింది వాడన్నమాట.

దాని లోపల ఏముందో తెలియాలంటే అమెరికాలో విజియో కంపెనీ సంగతి చూడాలి. ఆ కంపెనీ 1 కోటి 10 లక్షల టీవీల్లో జనం ఏం చూస్తున్నారో వాళ్ల అనుమతి లేకుండా సేకరించిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2017 ఫిబ్రవరిలో విజియో 22 లక్షల డాలర్లు చెల్లించి పరిష్కరించుకుంది. ఇది పనిచేసే తీరు పిల్లలకు కూడా అర్థమవుతుంది. తెర మీది బొమ్మలోంచి కొన్ని చుక్కల్ని వేలిముద్రలా తీసుకుని, సర్వర్‌లో ఉన్న వేలిముద్రలతో పోలుస్తుంది. ఏ కార్యక్రమమో తెలిసిపోతుంది. సాంకేతికంగా దీన్ని ఏసీఆర్ అంటారు. మీరు చూసేది యాపా, కేబులా, డీవీడీయా అనే తేడా దానికి లేదు, తెర మీద పడితే చాలు.

శామ్‌సంగ్‌లో దీన్ని 'వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్' అంటారు, ఎల్‌జీలో 'లైవ్ ప్లస్' అంటారు, సోనీ టీవీలు కొన్నింటిలో 'సాంబా' పేరుతో ఉంటుంది. మీ సెట్టింగ్స్‌లో ప్రైవసీ లేదా టర్మ్స్ పేజీ తెరిచి, వీటితో పాటు ఆసక్తులను బట్టి ప్రకటనలు చూపే ఎంపికను కూడా ఆఫ్ చేయండి. బొమ్మకు ఏ నష్టమూ లేదు. ప్రతి పెద్ద అప్‌డేట్ తర్వాత మళ్లీ ఒకసారి చూడండి. ఇంట్లో ఒక నియమం పెట్టుకోవచ్చు, టీవీలో ఎక్కువ అక్షరాలున్న పేజీ కనిపిస్తే పిల్లలు పెద్దవాళ్లను పిలవాలి.

అప్‌డేట్ వల్ల పిల్లల ఏర్పాట్లు మారిపోయిన సందర్భం ఇటీవలే ఒకటుంది. 2024 జూలైలో యూట్యూబ్ కిడ్స్ విడి యాప్‌ను స్మార్ట్ టీవీల్లోంచి తీసేశారు. ఇప్పుడు మామూలు యూట్యూబ్ యాప్‌లోనే లాగిన్ అయి పిల్లల ప్రొఫైల్ పెట్టాలి. ఆ యాప్ మాయమయ్యాక ఎవరూ ప్రొఫైల్ పెట్టకపోతే, ఆ ఇంట్లో పిల్లలు పెద్దల యూట్యూబ్ చూస్తున్నట్టే లెక్క. ఈ వ్యాసంలో ఒక్కటే చేసే తీరిక ఉంటే ఇది చేయండి.

కొనక తప్పనప్పుడు

తెర బాగానే ఉన్నా యాప్‌లు ఆగిపోయే రోజు వస్తుంది. 2015లో యూట్యూబ్, 2012కీ అంతకు ముందుకీ చెందిన చాలా టీవీల్లో నడవడం మానేసింది. 2019 డిసెంబర్‌లో నెట్‌ఫ్లిక్స్, 2010, 2011 నాటి శామ్‌సంగ్ టీవీలు కొన్నింటికి సెలవు చెప్పింది. అలాంటప్పుడు టీవీని మార్చనక్కర్లేదు. హెచ్‌డీఎంఐకి ఒక స్ట్రీమింగ్ స్టిక్ గుచ్చితే సరిపోతుంది. పేరున్న కంపెనీది, గూగుల్ ధ్రువీకరణ ఉన్నదో, అమెజాన్‌దో తీసుకోండి. "అన్ని ఛానళ్లూ ఉచితం" అని అమ్మే ఊరూపేరూ లేని ఆండ్రాయిడ్ బాక్సులు వద్దు. అమ్మకానికి ముందే వైరస్ ఎక్కించిన ఇలాంటి బాక్సుల గురించి 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ 'బ్యాడ్‌బాక్స్ 2.0' పేరుతో హెచ్చరిక చేసింది.

కొత్తదే కొంటుంటే అంగుళాల కంటే ముందు ఒక ప్రశ్న అడగండి, ఈ మోడల్‌కు ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు? బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఈ సంగతి కొనేవాళ్లకు చెప్పడం కంపెనీలకు చట్టప్రకారం తప్పనిసరి. శామ్‌సంగ్ 2024లో తన కొన్ని మోడళ్లకు ఏడేళ్ల పాటు, ఎల్‌జీ కొన్ని మోడళ్లకు ఐదేళ్లలో నాలుగు సార్లు కొత్త సిస్టం ఇస్తామని ప్రకటించాయి. మీరు చూస్తున్న మోడల్ ఆ జాబితాలో ఉందో లేదో సేల్స్‌మన్ నోటి మాటగా కాక కంపెనీ పేజీలో చూపించమనండి. మా లెక్కలో 2 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజీ కంటే తక్కువ ఉన్నది వద్దు. రెండు అప్‌డేట్లు పడేసరికి రిమోట్ నొక్కితే టీ తాగొచ్చాక ఛానల్ మారే టీవీలు ఇలాంటివే. షోరూంలోనే సేల్స్‌మన్‌ను అడిగి మోడ్‌ను 'సినిమా'కు మార్పించి, ఎస్‌డీ ఛానల్ ఒకటి పెట్టించి, మీ ఇంటి సోఫా ఉన్నంత దూరంలో నిలబడి చూడండి. కంపెనీ డెమో వీడియోలో నెమలి ఈకలు ఏ టీవీలోనైనా బాగుంటాయి.

పాతది అమ్మమ్మగారి ఊరికి పంపుతుంటే ముందు అన్ని యాప్‌లలో సైన్ అవుట్ అయి, అప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. లేకపోతే మీ యూట్యూబ్ చరిత్ర, ఓటీటీలో దాచిన కార్డు వివరాలు కూడా టీవీతో పాటే బస్సెక్కుతాయి. అక్కడ బిగించినప్పుడు 'హోం' నొక్కి, 'సినిమా' మోడ్ పెట్టి, అక్షరాల సైజు పెంచి, ఆవిడ చూసే ఛానల్ నంబర్లు నాలుగు కాగితం మీద పెద్దగా రాసి రిమోట్ వెనక అతికించి రండి.